రెండు మార్కులు తక్కువ

టెస్సా కాగితాన్ని బల్ల మీద పరిచి, ఎక్కడ ఎగిరిపోతుందో అన్నట్టు దాని మీద ఉప్పు సీసా పెట్టింది.

"రేపే ఆఖరు రోజు నాన్నా."

రసెల్ కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. బూట్లు విప్పే ఓపిక కూడా లేదు. వీధిలో మంచు తీసే బండి గీసుకుంటూ పోతోంది. డ్రైవరెవరో గానీ, వీళ్ల వాకిలి ముందు మాత్రం మంచు కుప్ప పడకుండా తప్పించాడు. అంతవరకు నయం.

వచ్చే ఏడు టెస్సా ఏ ఫిజిక్స్ చదవాలన్నదే ఆ కాగితం. ఆల్జీబ్రాతో సరిపెట్టేదా, కాలిక్యులస్‌తో చెప్పేదా? కాలిక్యులస్ క్లాసుకు ఎనభై అయిదు మార్కులుండాలి. పిల్లకు వచ్చినవి ఎనభై మూడు. ఫిజిక్స్ టీచరు 'ఆల్జీబ్రా చాలు' అని రాసి సంతకం పెట్టేశాడు. ఆ మాట కాదనాలంటే అడుగున ఇంటి పెద్ద సంతకం చెయ్యాలి.

"రెండంటే రెండు మార్కులు! ఆ మనిషి గుండె రాయి నాన్నా."

"అందరికీ ఒకటే రూలు కదమ్మా. నిన్నొక్కదాన్నీ వదిలేస్తే మిగతా పిల్లలు ఊరుకుంటారా?"

"అబ్బో, వెనకేసుకొస్తున్నావే!"

"పాపం, రోజంతా అరిచి అరిచి ఆయనా అలిసిపోతాడుగా."

"ఆయన జోకులు విని మేమూ అలిసిపోతున్నాం."

రసెల్ నవ్వు ఆపుకున్నాడు.

నాలుగో తరగతి నుంచీ టెస్సాకు వంతెనలు కట్టాలనే పిచ్చి. కాలిక్యులస్ ఫిజిక్స్ లేకపోతే ఆ చదువు చెప్పే కాలేజీలేవీ తన వంక చూడవని భయం. కానీ తల్లి పోయాక సరిగ్గా నిద్రపోవడం లేదు. మొన్న క్లాసులోనే బెంచీ మీద తల వాల్చేసింది. ఇంకా బరువెత్తితే తట్టుకుంటుందా?

టెస్సా పెనం మీంచి చీజ్ శాండ్‌విచ్‌లు తీసింది. మాడినది తన పళ్లెంలో వేసుకుని, బంగారు రంగులో ఉన్నది అతని ముందుకు జరిపింది. వాళ్లమ్మా అలాగే చేసేది.

"మునిగిపోతే?" అన్నాడు రసెల్ మెల్లగా.

"ఆయనే జుట్టు పట్టుకుని లాగుతాడులే. అది ఆయన పనేగా."

"మొండిఘటానివి."

"ఎవరి పోలికో మరి!"

రసెల్ ఉప్పు సీసా పక్కకు జరిపి, జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

"ఎర్రది వద్దు నాన్నా" అంటూ టెస్సా తన నల్ల పెన్ను అందించింది.

కాగితం అడుగున, ఇంటి పెద్ద అన్న చోట, అతను నెమ్మదిగా 'రసెల్ హాడిక్స్' అని సంతకం చేశాడు.

పైన, ఫిజిక్స్ టీచరు అన్న చోట ఎర్ర సిరాతో ఉన్న సంతకం కూడా 'రసెల్ హాడిక్స్' అనే ఉంది.