ఒకే తానులో ముక్కలు

"పెద్ద లెక్కలు వద్దు మాస్టారూ. మామూలు లెక్కల్లోనే వెయ్యండి," అన్నాడు దర్జీ, గది గుమ్మంలోనే నిలబడి.

పక్కనున్న చిన్నకూతురు ఉలిక్కిపడి తండ్రి మొహంలోకి చూసింది. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఈ మాట అనలేదు ఆయన.

లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏమయ్యా, తెలిసే అంటున్నావా? మామూలు లెక్కలు తీసుకుంటే ఇంజనీరింగు కాలేజీలు గడప కూడా తొక్కనివ్వవు. ఇవాళ సాయంత్రంతో సరి. పేర్లు పైకి వెళ్లిపోయాక మార్చడం నా చేతుల్లో ఉండదు. రేపొచ్చి లబోదిబోమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే."

"ఒకసారి కాలాయి మాస్టారూ. అందుకే ఈసారి ఆకులు ముందే పట్టుకొచ్చాను."

మాస్టారికి నవ్వు రాబోయి ఆగిపోయింది. అది పెద్దకూతురి సంగతని ఇద్దరికీ తెలుసు. వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఆ పిల్లని పెద్ద లెక్కల్లో కూర్చోబెట్టాడు దర్జీ. పరీక్ష తప్పింది. ఏ కాలేజీ తీసుకోలేదు. ఇప్పుడు తండ్రి కొట్లోనే, మిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని గుండీలు కుడుతోంది. ఎవరొచ్చి ఎదురుగా నిలబడినా వంచిన తల ఎత్తదు.

"ఈ పిల్ల ఇంకా నా తరగతికి రాలేదు గానీ, కింది తరగతి మార్కులు బాగానే ఉన్నాయి కదయ్యా?"

"పెద్దదానికీ అక్కడిదాకా బాగానే వచ్చాయి మాస్టారూ."

"అదే నాకిప్పటికీ అంతుబట్టదు," అన్నారు మాస్టారు. "ఇంటి దగ్గర చేసుకొచ్చిన లెక్క ఒక్కటీ తప్పు పోయేది కాదు. నేను చెప్పినదానికంటే దగ్గరిదారిలో చేసుకొచ్చేది. పరీక్షలో కూర్చుంటే మాత్రం తెల్లకాగితం ఇచ్చి లేచిపోయింది."

"భయం మాస్టారూ. నేను పెట్టిన భయం. పరీక్ష రోజు పొద్దున కూడా, తప్పితే గుమ్మం ఎక్కద్దన్నాను. ఆ నోరు అప్పుడే పడిపోయినా బాగుండేది."

చిన్నకూతురు తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుంది. "నాన్నా, నాకు పెద్ద లెక్కలే కావాలి."

"నా కోసం అనకు తల్లీ."

"నీ కోసం కాదు. నాకిష్టం."

"మీ అక్క కూడా చివరికి ఇష్టమేనంది. నా మొహం చూసి అంది."

"అది కాదు నాన్నా. అక్క లెక్కలు..."

"అక్క ఊసెత్తకు! నలుగురిలో దాన్ని ఇంకా ఎంతకని తలదించుకునేలా చేస్తాం?"

పిల్ల చెప్పబోయిన మాట మింగేసింది. పెదాలు బిగించుకుని నేలచూపులు చూసింది.

మాస్టారు ఉండబట్టలేక అడిగారు. "నీ కొట్లో ఒకరి కొలతలతో ఇంకొకరికి చొక్కా కుడతావటయ్యా?"

"కొలతలు వేరైనా గుడ్డ ఒకటే కదా మాస్టారూ. ఇద్దరూ ఒకే తానులో ముక్కలు. మొదటి ముక్క తడిపితే ముడుచుకుపోయింది. కళ్లారా చూశాక రెండోదాన్ని కూడా నీళ్లలో ముంచమంటారా?"

మాస్టారు కాగితం ముందుకు తోశారు. దర్జీ సంతకం చేశాడు. చెయ్యి వణకలేదు. పెద్దదాని కాగితం మీద పెట్టిన రోజున కూడా వణకలేదని అప్పుడు గుర్తొచ్చి, కలం గబుక్కున కింద పెట్టేశాడు.

దారిలో పిల్లని "కోపమా తల్లీ?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "గుండె మీద బరువు దిగిందా?" అని అడిగితే అటూ ఊపలేదు, ఇటూ ఊపలేదు.

వాళ్లు కొట్టుకు చేరేసరికి పెద్దకూతురు గుండీ కుట్టడం ముగించి దారం పంటితో కొరుకుతోంది. చెల్లెల్ని చూడగానే ఎన్నాళ్లకో తల ఎత్తింది. "దీనికి పెద్ద లెక్కలే కదా నాన్నా?"

దర్జీ మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ ఆమె పీట పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"లేదమ్మా. నీకు చేసిన అన్యాయం దీనికి చెయ్యలేదు. మామూలు లెక్కలే రాయించాను. ఇది నా మొహం చూసి పెద్దవే కావాలంది. నేను వినలేదు. నీ మాట విననందుకు ఎంత ఏడ్చానో నీకు తెలీదు. ఈసారి ఆ తప్పు చెయ్యలేదమ్మా."

పెద్దకూతురి చేతిలో సూది ఆగిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ చెల్లెలు చెప్పొద్దన్నట్టు కళ్లతోనే బతిమాలుతోంది.

"బడి మూసేశారా నాన్నా?"

"మేం బయటికొస్తుంటేనే మూసేశారమ్మా. పేర్లు కూడా పైకి వెళ్లిపోయాయి. ఇంక దిగుల్లేదు."

ఒళ్లోని గుండీలన్నీ నేల మీదకు జారి తలోదిక్కూ దొర్లాయి. ఎవరూ ఏరలేదు.

"ఇంటి దగ్గర నేను చేసుకెళ్లిన లెక్క ఒక్కటీ తప్పు పోయేది కాదని మాస్టారు చెప్పారా?"

"ఇవాళ కూడా చెప్పారమ్మా. ఇప్పటికీ ఆశ్చర్యపోతున్నారు."

"వాటిల్లో నేను చేసింది ఒక్కటీ లేదు నాన్నా. అన్నీ చెల్లే చేసింది."