ఎండగాజు

ఆ రోజుల్లో పగటి వెలుగు కళ్లకు మేలని పిల్లలందరి చేతికీ ఎండగాజు తొడిగేవారు. ఆరుబయట చాలినంతసేపు ఆడితే పచ్చబడేది. అందాకా ఇంట్లో టీవీ, ఫోను, ఏ తెరా వెలిగేది కాదు. విశాఖలో ముసురుపట్టి ఏడేళ్ల చార్వి గాజు వారంగా పచ్చబడలేదు. ఏటా పెరుగుతున్న కూతురి కళ్లద్దాల పవరు హైమవతికి దిగులు.

ఒక మధ్యాహ్నం కాస్త తెరిపివ్వగానే ఆమె పొయ్యి ఆర్పేసింది.

"పదవే, బీచికెళ్దాం!"

"మరి కూర?"

"అదెక్కడికీ పోదులే."

ఇసుకలో అప్పటికే వీధివీధంతా పిల్లలతో ఉంది. ఆనాటి నుంచి తల్లీకూతుళ్లు చినుకుల్లోనూ బయల్దేరేవారు.

ఏడాది తిరిగాక డాక్టరమ్మ నవ్వింది. "పవరు పెరగలేదమ్మా. పాత అద్దాలే చాలు."

"అయితే ఇవాళ మానేద్దామా?" అంది చార్వి.

"నాకు తోడు రావే, అలవాటైపోయింది," అంటూ హైమవతి సముద్రంవైపు నడిచింది.