కుండీల హద్దు

పంపకాల్లో పెద్ద వాటా తీసుకున్నా మా అన్న గుండయ్యకు కడుపు నిండలేదు. మొఘల్‌పురా ఇంటి వాకిట్లో మా రెండు వాటాల మధ్య హద్దు పూలకుండీల వరస. అది నెలనెలా నా వైపే జరుగుతోంది. అందుకే కుండీల వెంట సున్నంతో గీత గీసి, తెల్లారగానే తలుపు చాటున నిలబడ్డాను.

కుండీ జరిపింది అన్న కాదు. నా భార్య విజయలక్ష్మి.

"నీకేం పెట్టిండే మా అన్న?" అన్నాను బయటికొచ్చి.

"ఆయనకు తెల్వనే తెల్వదు. మీ వదిన చక్రాల కుర్చీ బాత్‌రూము దిక్కు తిరుగుతలేదు. జాగ లేక నేల మీద పాకుతున్నది."

"ఆడోళ్లకు హద్దు తెల్వదు."

"మొగోళ్లకు అదొక్కటే తెలుసు."

"నన్నొక మాట అడగొద్దా?"

"అడిగితే టేపు తెస్తరు."

టేపు నా చేతిలోనే ఉంది. వెనక్కి పెట్టుకున్నాను.

చివరిది గన్నేరు కుండీ. ఆమె ఎంత నెట్టినా కదలలేదు. అవతల చక్రాలు కిర్రుమన్నాయి. టేపు జేబులో వేసుకుని ఆ కుండీని నేనే జరిపాను.

ఆమె లోపలికి పోయాక కొలిచాను. పన్నెండు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. నాకు పోయింది రెండు గజాలు.