చెయ్యి వదిలే వయసు

“పద్దెనిమిది నిండేవరకూ వాళ్ళు నా పిల్లలు. ఒక్క రోజు ముందు కూడా ఇవ్వను!” పిల్లల విభాగం పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇవ్వొద్దు. కానీ నిండిన రోజు నుంచి మావాళ్ళు. ఒక్క రోజు ఆలస్యమైనా ఊరుకోను,” పెద్దల విభాగం చూసే యువ డాక్టరు బల్లకు అటువైపు నుంచి అంతే గట్టిగా అంది.

గణాంకాధికారి ఉద్యోగంలో చేరి అది రెండో రోజు. ఆరోగ్య సూచికల పుస్తకం కొత్తగా తయారవుతోంది. ఎంతమంది ఆరోగ్యంగా ఉన్నారో లెక్క తేల్చాలంటే, అసలు ఆరోగ్యమంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోవాలి, పిల్లలకొక తీరున, పెద్దలకొక తీరున. ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకున్న మాట రాసుకోవడమే అతని పని. పొద్దుట్నుంచీ ఒక్క ముక్క దొరకలేదు.

“వ్యాయామమే తీసుకోండి,” అంది పెద్దావిడ. “మా నిర్వచనంలో పిల్లలు రోజుకు గంటసేపు ఆయాసం వచ్చేలా ఆడాలి. మీ నిర్వచనంలో వారానికి రెండున్నర గంటలు చాలట! రోజుకు అరగంట బంతాట ఆడే కుర్రాడున్నాడనుకోండి. పడుకునేటప్పుడు బద్ధకస్తుడు. తెల్లారితే పుట్టినరోజు. లేచేసరికి చురుకైనవాడు! నిద్రలో ఏం పరుగెత్తాడట?”

బల్ల చివర కూర్చున్న ఆఫీసు డైరెక్టరుగారు పక్కున నవ్వారు. గణాంకాధికారి కూడా నవ్వబోయి, యువ డాక్టరు మొహం చూసి ఆపుకున్నాడు.

“ఎదిగే ఒంటికి కావాల్సింది వేరు, ఎదిగిన ఒంటికి వేరు. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదండీ! బరువైనా అంతే. మీరు వయసును బట్టి చూస్తారు, మేం అందరికీ ఒకటే కొలత పెడతాం. రాత్రికి రాత్రి పెద్దవాళ్ళయిపోతారా అంటే, అయిపోతారు. మీరే ఒప్పుకోరు.”

“ఎలా ఒప్పుకోమంటారు? ఏం తిన్నారో, ఎప్పుడు పడుకున్నారో అన్నేళ్ళు చూసుకున్నది మేము.”

“చూసుకున్నారు. ఇంకా ఎన్నాళ్ళు చూసుకుంటారు?”

“ఆ గొంతు వినండి, బొంగురుపోయింది. ఇక చాలించండి!”

“ముందు మీరు బీపీ మాత్ర వేసుకున్నారో లేదో చూసుకోండి!”

గణాంకాధికారి కలం కింద పెట్టేశాడు. ఇన్నేసి మాటలు అనుకున్నాక రేపు ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటారు? డైరెక్టరుగారి చెవి దగ్గరికి వంగి, “సార్, వీళ్ళిద్దర్నీ వేరువేరు రోజుల్లో పిలిస్తే మంచిదేమో,” అన్నాడు.

“ఈ గొడవ నేను ఈ ఆఫీసుకు రాకముందు నుంచీ ఉందయ్యా. టీ తాగు.”

అతనికి మనసు ఊరుకోలేదు. “పోనీ, పద్దెనిమిదో ఏడంతా ఇద్దరూ కలిసి చూసుకుంటే...”

“మధ్యలో మీరెవరండీ?” ఇద్దరూ ఒక్కసారే అతని మీదికి తిరిగారు.

అతను బుద్ధిగా టీ తాగాడు.

కాసేపటికి యువ డాక్టరు గొంతు తగ్గించింది. “ఒకమ్మాయి సంగతి చెప్తాను. చిన్నప్పట్నుంచీ చక్కెర జబ్బు. మీ దగ్గరికే వచ్చేది. పద్దెనిమిది నిండగానే, ఇక పెద్దల వైపు వెళ్ళమన్నారు. మా దగ్గరికొచ్చి చూస్తే వరసలో అందరూ తాతలూ అమ్మమ్మలూ. సిగ్గుపడి గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. బస్టాపులో కళ్ళు తిరిగి పడిపోతేగానీ మాకు తెలీలేదు. అప్పటిదాకా ఆ పిల్ల మీ లెక్కలోనూ లేదు, మా లెక్కలోనూ లేదు.”

పెద్ద డాక్టరమ్మ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. “రెండు జడల పిల్ల. సూది చూపిస్తే ఫక్కున నవ్వేది. ఎలా ఉందిప్పుడు?”

“కులాసాగా ఉంది. కాలేజీకి వెళ్తోంది. మొన్న వచ్చినప్పుడు మిమ్మల్ని అడిగింది.”

పెద్దావిడ కప్పు కింద పెట్టింది. “నా దగ్గర్నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కడో బాగానే ఉంటారనుకుంటాను. వెళ్ళి చూడను. చూస్తే మళ్ళీ వెనక్కి తెచ్చేసుకుంటానేమోనని భయం.”

“తెచ్చుకోవద్దు. ఒక్కసారి వచ్చి చూడండి చాలు.”

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని గణాంకాధికారి వైపు తిరిగింది. “రాసుకోండి. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న పిల్లల్లో, పద్దెనిమిది నిండిన ప్రతి వందమందికి, మూడు నెలల్లోగా పెద్దల డాక్టర్ని కలిసినవాళ్ళు ఎందరు? ఇది కొత్త సూచిక.”

“కలవడమంటే?” యువ డాక్టరు అడిగింది. “గుమ్మం దాకా వచ్చి వెళ్ళినా కలిసినట్టేనా?”

“కాదు. కూర్చుని మాట్లాడితేనే. నేనే చెయ్యి పట్టుకుని తెచ్చి మీ ఎదుట కూర్చోబెడతాను.”

“కూర్చోబెట్టాక చెయ్యి వదిలెయ్యాలి మరి.”

“వదిలేస్తాను. గుమ్మం బయట కాసేపు నిలబడతాను, అంతే.”

“కాసేపంటే ఎంతసేపు? నిర్వచించండి!”

గది గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది పెద్ద డాక్టరమ్మే. ఆ ఊపులో మిగతావన్నీ చకచకా తేలిపోయాయి. నిద్ర, తిండి, పళ్ళు, బరువు, పిల్లలకిలా, పెద్దలకిలా అని ఇద్దరూ చెబుతుంటే గణాంకాధికారి చెయ్యి నొప్పెట్టేలా రాసుకున్నాడు.

సాయంత్రం మెట్లు దిగుతున్న యువ డాక్టర్ని అతను పరుగున వెళ్ళి కలుసుకున్నాడు.

“మేడమ్, పెద్దావిడ మాటలు మనసులో పెట్టుకోకండి. మనసు వెన్న. కాకపోతే పట్టుకున్న చెయ్యి ఓ పట్టాన వదిలే రకం కాదు.”

“నిజమేనండీ,” అందామె.

“పాపం, ఇంట్లో ఆవిడ సొంత పిల్లలు ఎలా పెరిగారో ఏమో!”

ఆమె మెట్ల మీదే ఆగిపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

“నేను బాగానే పెరిగానండీ.”