మోటారు మోత

జీవితమంతా నీళ్ళ మోటార్లు విప్పి బిగించిన మెకానిక్కుకి డాక్టర్లు గుండెలోనే ఓ మోటారు బిగించారు. కడుపులోంచి వైరు, నడుముకి బ్యాటరీలు. ఇక ఆయన వేళాకోళానికి పట్టపగ్గాల్లేవు.

"చెవి పెట్టి విను బావా. గుయ్యిమంటోందా? చుక్క లీకు లేదు" అంటూ వచ్చినవాళ్ళందరికీ చొక్కా గుండీలు విప్పేవాడు.

లీకు భయమంతా పెళ్ళానిది. మోటారులో గడ్డకట్టకుండా రోజూ రక్తం పల్చబడే మాత్ర వెయ్యాలి. పల్చబడ్డ రక్తం ఓసారి బయటికొస్తే ఓ పట్టాన ఆగదు. కనబడగానే ఫోన్ చెయ్యమన్నారు ఆస్పత్రివాళ్ళు. అందుకే ఆవిడ కత్తులు దాచింది. గడ్డం బ్లేడు పారేసింది. బల్ల మూలలకి పాత గుడ్డలు చుట్టింది.

ఆ భయం మీదే ఆయనకి సరదా. మొన్నామధ్య ముక్కు కింద టమాటా సాసు పూసుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి జనాన్ని పోగేసుకొచ్చింది. తీరా చూస్తే ఈయన లేచి కూర్చుని సాసు నాకుతున్నాడు.

"చూశారా, నేనంటే ఎంత ప్రేమో. కాలికి చెప్పుల్లేవు."

వీధి వీధంతా పడీపడీ నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఈవేళ పొద్దున్నే ఓ తుమ్ము తుమ్మాడు. ముక్కులోంచి నెత్తురు.

"సాసు అయిపోయింది. సీసా కూడా కడిగేశాను" అంది ఆవిడ వంటింట్లోంచి.

"సాసు కాదే. ఆస్పత్రికి ఫోన్ కొట్టు."

తువ్వాలు తడిసింది. దుప్పటి తడిసింది. గోడకి చేరబడ్డవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

ఆవిడ వెళ్ళి వీధి చివరి ముసలి కాంపౌండర్ని పిలుచుకొచ్చింది. ఈసారి చెప్పులేసుకునే వెళ్ళింది.

కాంపౌండరుకి చెయ్యి చూడ్డం తప్ప వేరే వైద్యం రాదు. ఈ చెయ్యి పట్టుకున్నాడు, ఆ చెయ్యి పట్టుకున్నాడు. మెడ నొక్కి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాడి లేదమ్మా."

"సరిగ్గా చూడండి బాబాయిగారూ."

"చూశాను తల్లీ. మరి ఆ మోతేంటి?"

"మోటారండి. మనిషితో దానికేం పని? బ్యాటరీ ఉన్నంతసేపూ తిరుగుతుంది."

"ఆస్పత్రికి ఓ మాట చెప్పొద్దూ?"

"ఇంకెందుకు లెండి."

జనం వచ్చారు. "మళ్ళీ సాసేనేమోరా" అని గడప దగ్గర ఎవరో గొణిగారు. కాంపౌండరు అడ్డంగా తలూపాడు. అప్పుడు అందరూ తలలు దించుకున్నారు. ఆవిడ ఆయన చేతిని తన రెండు చేతుల్లో బిగించి పట్టుకుని కూర్చుంది. ఎవరు చెప్పినా వదల్లేదు.

మోటారు బిగించిన రోజున పెద్ద డాక్టరు ఆవిడొక్కదాన్నీ గదిలోకి పిలిచి, "ఇకమీదట ఈయన నిక్షేపంలా ఉన్నా సరే చేతికి నాడి అందదమ్మా, అది చూసి పోయాడనుకుని కంగారుపడకండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.