ర్యాంపు లేవని రోజు

ఎక్కడ పని దొరికితే అక్కడ గోడ బొమ్మలు వేసే సువర్ణ కూర్చున్న చక్రాల కుర్చీ, ఆమె ఇప్పుడు పనిచేస్తున్న భవనం గుమ్మం ముందు ఆగిపోయింది. నిన్నటిదాకా ఆమెను చూసి నేలలోంచి లేచిన ర్యాంపు ఈరోజు కదల్లేదు. భవనాలన్నీ మనుషుల మాటలు విని వాళ్లకు తగ్గట్టు మారుతున్న రోజులవి. లోపల ఆమె వేస్తున్న బొమ్మ సాయంత్రానికి పూర్తికాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆమె కాపలాదారు అంజయ్యను అనుమానంగా చూసింది. "నా గురించి లోపల ఏం చెప్పినవ్ తమ్మీ?"

"నేనేం చెప్తనక్కా? బల్ల ఎత్తు సరిపోయిందా అని బిల్డింగ్ అడిగితే పర్వాలేదన్నవ్. మొన్న ర్యాంపు లేటైతే గూడ పర్వాలేదన్నవ్. నీకేం అక్కర్లేదని రాసుకున్నది."

సువర్ణ ముఖం వేడెక్కింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న మర్యాద అది. అది ఉత్త మర్యాదని తెలియకే భవనం ర్యాంపు తీసేసిందా, తెలిసే సాకుగా వాడుకుందా?

"మీకు ర్యాంపు అవసరమా అండీ?" అని గుమ్మం మెత్తగా అడిగింది. ఆ మెత్తదనాన్నీ ఆమె నమ్మలేదు.

"కావాలె," అంది సువర్ణ. "రేపు గూడ కావాలె. మొహమాటపడి నేను వద్దన్నా కావాలె."

నేల కదిలింది. ర్యాంపు పూర్తిగా లేచి ఆగేదాకా సువర్ణ చక్రం మీద చెయ్యి వెయ్యలేదు.