లింబన్న నింపిన తూటాలు

మీరు చేసిన తప్పు మీ కళ్లెదుటే బల్ల మీద పడి ఉంటే, దాన్ని ఎవరి మీదికి నెడతారు?

డెబ్బై ఆరులో, అరబ్బు దేశపు ఇబ్రా ఊళ్లోని ఒక వర్క్‌షాపులో, ఫిట్టర్ లింబన్న ముందు రైఫిల్ ఉంది. పెళ్లి సంబరంలో దాని యజమాని హమూద్ ముసలాయన గాల్లోకి పేలిస్తే, తూటా ఎక్కించే బోల్టు బిగుసుకుపోయి ఆయన చెంప కాలింది.

లింబన్న సుత్తితో తట్టి బోల్టు లాగాడు. ఇత్తడి తూటా డొల్ల ఉబ్బి చీలిపోయింది. వాడేసిన తూటా డొల్లల్లో మళ్లీ మందు నింపి ఇచ్చింది తనే. నల్లటి తుపాకిమందు అయిపోతే కొత్తరకం మందు కొన్నాడు. దాని ఘాటెంతో అడగకుండా పాత మందు కొలిచిన మూతతోనే అంతే పోశాడు.

"ఏమైంది సదీక్, నేస్తం? తుపాకి సరిగా తుడవలేదని నిన్న మా పెద్దకొడుకుని అందరి ముందూ కొట్టాను" అన్నాడు హమూద్.

సత్యమే పలకమన్న వేదవాక్యాన్ని రోజూ స్నానం చేసి చదివే నాలుకే లింబన్నది. అదే అబద్ధమాడింది.

"తుపాకి ముసల్దైంది అర్బాబ్, దొరా. ఇగ గోడకు తలిగేసుకో."

"నాలాగే" అని నవ్వాడు హమూద్. "పాపం, వాణ్ణి ఊరికే కొట్టాను. మిగిలిన నీ తూటాలన్నీ వాడికే ఇస్తా. సాయంత్రం వాడి రైఫిల్‌తో పేలుస్తాడు."

ముసలాయన గుమ్మం దాటుతున్నాడు.

లింబన్నా, నోరు తెరువు. పేల్చేవాడి కన్ను ఆ తూటాకు జానెడు దూరంలోనే ఉంటుంది. చదువుతున్న అన్నా, అక్కా, మీరు దాచినదీ ఈపాటికి ఎవరి చేతికో చేరి ఉంటుంది. లేవండి. ఈ కథ పక్కన పెట్టి, పొద్దు గూకకముందే వెళ్లి చెప్పండి.